బ్రిస్టల్: వీధి మధ్యలో రాష్ట్రం మారే అప్పలేచియన్ ఊరు – చరిత్ర, పన్నులు, జనజీవనం

సువర్ణముఖి:
అమెరికాలో అప్పలేచియన్ కొండల్లో బ్రిస్టల్ పేరుతో రెండు నగరాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. 2020 జనగణన ప్రకారం వర్జీనియా వైపు 17,219 మంది, టెనెస్సీ వైపు 27,147 మంది. రెంటికీ నడిబొడ్డు ఒకటే, స్టేట్ స్ట్రీట్. దాని గురించి తెలుగులో వివరంగా రాసింది కనబడలేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. సరిహద్దు వీధి మధ్యకి ఎలా వచ్చింది? ఒక వైపు ఇల్లు, రెండో వైపు ఉద్యోగం అయితే లెక్కలు ఎలా మారతాయి? రెండు ఊళ్లూ వేటిని కలిసి నడుపుతాయి, వేటిమీద కొట్లాడుకుంటాయి? చెత్త గుంత వాసన సంగతి ఏమిటి? తెలిసినవాళ్లు అంకెలతో సహా చెప్పండి.

పాతపటాలు:
మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. గీత చరిత్ర ఊరి చరిత్ర కంటే పాతది. విలియం బర్డ్ బృందం 1728లో సముద్రం వైపు నుంచి సరిహద్దు కొలవడం మొదలుపెట్టింది. 1749లో జాషువా ఫ్రై, పీటర్ జెఫర్సన్ (థామస్ జెఫర్సన్ తండ్రి) దాన్ని పడమటికి పొడిగించారు. 1779లో మళ్లీ కొలిచినప్పుడు వర్జీనియా తరఫు వాకర్ బృందానికీ నార్త్ కరోలినా తరఫు హెండర్సన్ బృందానికీ (టెనెస్సీ అప్పట్లో నార్త్ కరోలినాలో భాగం) పొసగక ఎవరి గీత వాళ్లు గీసుకున్నారు. రెండు గీతల మధ్య చిక్కిన నేలలో ఎవరికి పన్ను కట్టాలో, ఎవరి కోర్టుకి వెళ్లాలో జనానికి ఏళ్ల తరబడి తేలలేదు. 1802–03లో రెండు రాష్ట్రాలూ రాజీపడి ఆ రెంటికీ సరిగ్గా మధ్యగా కొత్త గీత గీశాయి. చెట్ల మీద వజ్రం ఆకారంలో గాట్లు పెట్టారు కాబట్టి దాన్ని డైమండ్ లైన్ అంటారు.

ఊరు పుట్టింది 1850లలో. జేమ్స్ కింగ్ తోటల భూమిలో కొంత భాగాన్ని ఆయన అల్లుడు జోసెఫ్ ఆండర్సన్ 1852లో కొని ప్లాట్లుగా విడదీశాడు. రైలు అక్కడికే వస్తుందని అతనికి ముందే తెలుసు. లించ్‌బర్గ్ నుంచి 204 మైళ్ల వర్జీనియా–టెనెస్సీ రైల్వే 1856లో అక్కడ ముగిసింది. 1858లో నాక్స్‌విల్ వైపు లైను కూడా కలిసింది. రెండు కంపెనీల లైన్లు కలిసే చోటు కాబట్టే గోదాములు, హోటళ్లు, టోకు వ్యాపారం అంత వేగంగా వచ్చాయి. వర్జీనియా వైపు పట్టణం అప్పట్లో గుడ్‌సన్, 1890లో బ్రిస్టల్ అయింది.

1889లో వర్జీనియా రాష్ట్రం అమెరికా సుప్రీం కోర్టుకెక్కింది. అసలు సరిహద్దు 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశమేనని దాని వాదన. గెలిస్తే గీత ఆరు మైళ్ల పైచిలుకు దక్షిణానికి జరిగి టెనెస్సీ బ్రిస్టల్ మొత్తం వర్జీనియా అయ్యేది. 1893లో ఓడిపోయింది. తొంభై ఏళ్లు రెండు రాష్ట్రాలూ ఒప్పుకుని నడిచిన గీత ఇప్పుడు తప్పెలా అవుతుందని కోర్టు అడిగింది. రాష్ట్రాల మధ్య ఏ ఒప్పందానికి కాంగ్రెస్ అనుమతి కావాలి, దేనికి అక్కర్లేదు అన్న సూత్రానికి ఈ తీర్పునే నేటికీ ఉదహరిస్తారు. ఇంత చిన్న ఊరి తగాదా నుంచి అంత పెద్ద సూత్రం వచ్చింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. 1803 గీత మెయిన్ స్ట్రీట్ (ఇప్పటి స్టేట్ స్ట్రీట్) ఉత్తరపు అంచున ఉంది, అంటే వీధి అంతా టెనెస్సీదే. వర్జీనియా వైపు దుకాణం గడప దాటి అడుగు పెడితే వేరే రాష్ట్రం. టెనెస్సీ తన వీధిలో ఉత్తర సగాన్ని వర్జీనియాకి వదులుకుంది, కాంగ్రెస్ 1901 మార్చి 3న ఆమోదించింది. వీధి మధ్యలో ఇప్పుడు కనిపించే ఇత్తడి బిళ్లలు ఆ సరిహద్దు గుర్తులే.

సుజాత_లెక్కలు:
ఇల్లు–ఉద్యోగం ప్రశ్న. చాలామంది "టెనెస్సీలో ఆదాయపు పన్ను లేదు, ఇల్లు అటు తీసుకుంటే చాలు" అనుకుంటారు. అది సగమే నిజం.

ఇల్లు టెనెస్సీ, పని వర్జీనియా: ఆ జీతం వర్జీనియాలో సంపాదించింది కాబట్టి వర్జీనియాకి పన్ను కట్టాల్సిందే. ఫారం 763, అంటే నాన్‌రెసిడెంట్ రిటర్న్. వర్జీనియాకి కెంటకీ, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్, పెన్సిల్వేనియా, డీసీలతో పరస్పర మినహాయింపు ఉంది, టెనెస్సీతో లేదు. 17,000 డాలర్లు దాటిన పన్ను ఆదాయానికి రేటు 5.75 శాతం. ఒంటరి వ్యక్తికి 80,000 జీతమైతే స్టాండర్డ్ డిడక్షన్ పోను సుమారు 3,800 డాలర్లు. ఇల్లు టెనెస్సీలో ఉన్నంత మాత్రాన ఇందులో ఒక్క డాలరూ తగ్గదు.

ఇంటినుంచి పనిచేసే రోజులు మాత్రం వేరు. టెనెస్సీ ఇంట్లో కూర్చుని చేసిన పని వర్జీనియా ఆదాయం కింద రాదు. కానీ కంపెనీ పేరోల్ మొత్తం జీతాన్ని వర్జీనియాదిగా చూపించి కోత పెట్టేస్తే, తిరిగి అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండాలి. ఏ రోజు ఎక్కడ పనిచేశారో క్యాలెండర్‌లో రాసుకోండి. యజమాని నుంచి ఒక లేఖ ఉంటే ఇంకా మంచిది.

ఇల్లు వర్జీనియా, పని టెనెస్సీ: చాలామంది దెబ్బతినేది ఇక్కడే. టెనెస్సీ యజమాని చాలాసార్లు రాష్ట్ర పన్ను ఏమీ కోయడు, మీరేమో వర్జీనియా నివాసిగా మొత్తం ఆదాయానికి బాకీ పడతారు. ఏడాదంతా చేతికి ఎక్కువ వచ్చినట్టు ఉంటుంది, మే 1న బిల్లు, దాని మీద అదనపు రుసుము. రెండు దారులు: వర్జీనియా కోత కూడా పెట్టమని యజమానిని అడగడం, లేదా 760ES ద్వారా నాలుగు విడతల్లో (మే 1, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15) మీరే ముందుగా కట్టడం. మొదటి విడత గడువు ఫెడరల్ లాగా ఏప్రిల్ 15 కాదు, గమనించండి.

కాబట్టి ఆదాయపు పన్ను లాభం పూర్తిగా దక్కేది ఇల్లూ పనీ రెండూ టెనెస్సీలో ఉన్నవాళ్లకే.

వేపచెట్టు:
సుజాత గారూ, సేల్స్ ట్యాక్స్ కూడా కలిపితే బొమ్మ మారుతుంది కదా? తిండి సరుకుల మీద టెనెస్సీ రాష్ట్రానిది 4 శాతం, స్థానికం కలిపితే ఆరు దాటుతుంది. వర్జీనియాలో 2023 నుంచి 1 శాతమే. మిగతా వస్తువులకి వర్జీనియాలో 5.3, టెనెస్సీలో తొమ్మిది పైన.

సుజాత_లెక్కలు:
నిజమేనండీ. వారానికి 200 డాలర్ల సరుకులైతే తేడా 10 నుంచి 11 డాలర్లు, ఏడాదికి సుమారు 550. వీధి దాటి కొనుక్కోవచ్చు, అందరూ చేసేదదే. చట్టం ప్రకారం మాత్రం టెనెస్సీ నివాసి బయట తక్కువ పన్నుతో కొని తెచ్చిన వస్తువుకి తేడాని యూజ్ ట్యాక్స్‌గా కట్టాలి. ఫర్నిచర్ లాంటి పెద్ద కొనుగోళ్లకి ఇది గుర్తుంచుకోండి.

వర్జీనియా వైపు మరో ఖర్చు కారు. అక్కడ నగరం ఏటా కారు విలువ మీద ఆస్తి పన్ను వేస్తుంది, ఏటా సేఫ్టీ తనిఖీ కూడా ఉంటుంది. టెనెస్సీలో సొంత కారుకి ఈ రెండూ లేవు. కొత్త కార్లు రెండున్న ఇంటికి తిండి మీద మిగిలింది కారు మీద పోతుంది. ఆ పన్ను తప్పించుకుందామని ఇల్లు వర్జీనియాలో పెట్టుకుని కారు టెనెస్సీలో రిజిస్టర్ చేసుకుంటే మాత్రం పట్టుబడతారు. వర్జీనియాకి మారాక కారు రిజిస్ట్రేషన్‌కి 30 రోజులు, లైసెన్సుకి 60 రోజులు గడువు. టెనెస్సీలో లైసెన్సుకి 30 రోజులే.

వేపచెట్టు:
రోజువారీ విషయాలు నేను కలుపుతాను.

చిరునామా: వర్జీనియా వైపు నడిబొడ్డు పిన్ 24201, టెనెస్సీ వైపు 37620. ఫోన్ కోడ్ 276, 423. ఆన్‌లైన్ ఫారంలో "బ్రిస్టల్" కొట్టగానే మొదట వచ్చిన రాష్ట్రాన్ని ఎంచుకుంటే పార్సిల్ తిరగడమే కాదు, తప్పు రాష్ట్రపు సేల్స్ ట్యాక్స్ పడుతుంది, కారు బీమా ధర కూడా తప్పుగా లెక్కవేస్తారు. ముందు పిన్ కొట్టి తర్వాత ఊరు ఎంచుకోండి.

911: సెల్‌ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ వైపు కేంద్రానికి కాల్ వెళ్లవచ్చు. పేరు కంటే ముందు "వర్జీనియా వైపు" లేదా "టెనెస్సీ వైపు" అని చెప్పాలి. పోలీసులు ఎవరి వైపు వాళ్లే.

చట్టాలు: 21 ఏళ్లు నిండినవారి దగ్గర ఒక ఔన్సు వరకు గంజాయి ఉండటం వర్జీనియాలో 2021 జూలై నుంచి నేరం కాదు. వీధి దాటితే నేరమే. వీసా మీద ఉన్నవాళ్లు ఏ వైపునా దాని జోలికి పోకూడదు, ఫెడరల్ చట్టంలో అది ఇంకా నేరం, ఇమిగ్రేషన్‌లో లెక్కకొచ్చేది అదే. గర్భస్రావం చట్టం కూడా అంతే తేడా. 2022 సుప్రీం కోర్టు తీర్పు తర్వాత టెనెస్సీ వైపు క్లినిక్ మూతపడి అదే ఊరి వర్జీనియా వైపు తెరుచుకుంది.

వైద్యం: రెండు నగరాలకీ ప్రధాన ఆసుపత్రి టెనెస్సీ వైపే, బ్రిస్టల్ రీజినల్. పోటీపడే రెండు సంస్థలు 2018లో కలిసి బాలడ్ హెల్త్ అయ్యాయి. పోటీ పోతుంది కాబట్టి రెండు రాష్ట్రాలూ షరతులు పెట్టి ప్రత్యేక అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. నర్సులకి రెండు రాష్ట్రాలూ ఉమ్మడి లైసెన్సు ఒప్పందంలో ఉన్నాయి. డాక్టర్లకి అలా కాదు, ఎవరి లైసెన్సు వాళ్లదే. వీడియో కాల్‌లో చూసినా రోగి ఆ సమయంలో ఏ రాష్ట్రంలో కూర్చున్నాడన్నదే లెక్క.

గోదావరి_డాక్టర్:
మన పిల్లలకి ముఖ్యమైన విషయం ఒకటి. ఇలాంటి కొండ ఊళ్లకి మన డాక్టర్లు వచ్చే పెద్ద దారి జే-1 వేవర్, అంటే జే-1 వీసా మీద శిక్షణ పొందినవాళ్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు. ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 స్థానాలు. బ్రిస్టల్‌లో ఆసుపత్రి యాజమాన్యం రెండు వైపులా ఒకటే అయినా, మీ స్థానం ఏ రాష్ట్రం కోటాలోదో ఒప్పందంలో రాసిన పనిచోటు చిరునామాని బట్టే తేలుతుంది. మూడేళ్లు, వారానికి 40 గంటలు ఆ చిరునామాలోనే చేయాలి. "ఈ వారం రెండు రోజులు అటు క్లినిక్‌లో చూడండి, మైలు దూరమే" అని మేనేజర్ అడిగితే మొహమాటపడకండి, కాగితం మార్చకుండా వెళితే వేవర్‌కే ముప్పు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి.

పాతపటాలు:
కలిసి నడిపే వాటి గురించి. నా లెక్కలో ఊరు అసలు ఒక్కటిగా ఉందనడానికి సాక్ష్యం స్టేట్ స్ట్రీట్ మీద ఊరి పేరుతో ఉన్న పెద్ద బోర్డు కాదు, గ్రంథాలయం. ఒకే పబ్లిక్ లైబ్రరీ, భవనం వర్జీనియాలో, డబ్బు రెండు నగరాలదీ. వాణిజ్య మండలి ఒకటే. మురుగు శుద్ధి కేంద్రం ఉమ్మడిది, టెనెస్సీ వైపు ఉంది, ఎందుకంటే నీరు అటే పారుతుంది. రెండు వైపులా కరెంటు టీవీఏ అనే ఫెడరల్ విద్యుత్ సంస్థ నుంచే వస్తుంది, పంచేది మాత్రం వర్జీనియా వైపు బీవీయూ, టెనెస్సీ వైపు బీటీఈఎస్ అనే స్థానిక సంస్థలు.

బోర్డు 1910లో ఒక భవనం మీద పెట్టారు, 1915లో వీధికి అడ్డంగా మార్చారు. మొదట్లో దాని మీద "పుష్! అదే బ్రిస్టల్" అన్న అర్థంలో నినాదం ఉండేది. 1921లో పోటీ పెట్టి "నివసించడానికి మంచి చోటు" అన్నది ఎంచుకున్నారు.

విడివిడిగా ఉన్నవి: బడులు, పోలీసు, కోర్టులు, పన్నుల శాఖ. వర్జీనియాలో నగరం ఏ కౌంటీలోనూ భాగం కాదు, పక్కనున్న వాషింగ్టన్ కౌంటీ నుంచి పూర్తిగా వేరు. టెనెస్సీ బ్రిస్టల్ సలివన్ కౌంటీలో భాగం, అక్కడ నగరానికీ కౌంటీకీ రెండు ఆస్తి పన్నులు కట్టాలి. ఇళ్ల ధరలు పోల్చేవాళ్లు ఇది మరిచిపోయి ఒక్క నగరం రేటే చూస్తారు.

జాతి వేర్పాటు కాలంలో నల్లజాతి పిల్లల బడులు కూడా రెండు: వర్జీనియా వైపు డగ్లస్, టెనెస్సీ వైపు స్లేటర్. స్లేటర్ ఇప్పుడు సామాజిక కేంద్రం. ఊరి చరిత్ర అంటే రైలూ పాటలే అనుకునేవాళ్లు వీటిని వదిలేస్తారు, వదలకూడదు. కింగ్ కుటుంబపు తోటల్లో చాకిరీ చేసింది బానిసలే.

బాంజోప్రియ:
పాటల దగ్గర కూడా ఆ మాట వర్తిస్తుంది, అందుకే కలుగజేసుకుంటున్నా. 1927 జూలై 25 నుంచి ఆగస్టు 5 వరకు విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ ఇక్కడ రికార్డింగ్ పెట్టాడు, అమెరికన్ కంట్రీ సంగీతం ఇక్కడే పుట్టిందంటారు. స్టేట్ స్ట్రీట్ టెనెస్సీ వైపు టోపీల కంపెనీ ఖాళీ అంతస్తు. 19 బృందాలు, 76 రికార్డింగులు. వాటిలో హార్మోనికా వాయించిన ఎల్ వాట్సన్ నల్లజాతి కళాకారుడు. 1928లో పీర్ మళ్లీ వచ్చినప్పుడు టార్టర్, గే అన్న నల్లజాతి జంట కూడా రికార్డు చేసింది. ఆ సంగీతపు తొలి తారలు కార్టర్ కుటుంబంలో ఏ.పి. కార్టర్ పాటలు సేకరించడానికి తిరిగినప్పుడు వెంట ఉండి రాగాలు గుర్తుపెట్టుకున్న లెస్లీ రిడిల్ కూడా నల్లజాతివాడే.

సాంకేతికంగా ఇది ఎందుకు కుదిరిందంటే, అప్పటికి రెండేళ్ల క్రితమే విద్యుత్ మైక్రోఫోన్ వచ్చింది. అంతకుముందు పెద్ద కొమ్ము బూరలోకి గట్టిగా పాడాలి, ఆటోహార్ప్, మెల్లని గొంతు అందేవి కావు. మైనం పళ్లెం తిప్పడానికి మాత్రం కరెంటు వాడలేదు, గోడ గడియారంలా పైనుంచి దిగే బరువు తిప్పేది. కరెంటు హెచ్చుతగ్గులకి వేగం మారితే శ్రుతి చెడిపోతుంది. ప్రతిధ్వని రాకుండా గోడలకి దుప్పట్లు కట్టారు. ఒక్కో పాటకి 50 డాలర్ల నగదు, అమ్మకాల మీద కొంత రాయల్టీ. ఎర్నెస్ట్ స్టోన్‌మన్ రికార్డుల మీద అంతకుముందు ఏడాది 3,600 డాలర్లు సంపాదించాడని స్థానిక పత్రిక రాసింది, ఆ తర్వాతే కొండల్లోంచి జనం కదిలి వచ్చారు. కార్టర్ కుటుంబం ఆగస్టు 1, 2 తేదీల్లో, మరో తొలి తార జిమ్మీ రోడ్జర్స్ 4న పాడారు.

ఆ భవనం ఇప్పుడు లేదు. 2014లో పాత కార్ల షోరూమ్‌లో మ్యూజియం తెరిచారు, అది వర్జీనియా వైపు. శనివారం రాత్రి హిల్టన్స్‌లోని కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్‌కి వెళ్లండి. బ్రిస్టల్ నుంచి సుమారు 20 మైళ్లు. మద్యం నిషేధం, వాయిద్యాలకి కరెంటు కలపరు, ముందు నేల మీద పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా చెప్పులు టకటకలాడిస్తూ ఆడతారు. ఊరి పండుగ రిథమ్ అండ్ రూట్స్ సెప్టెంబర్‌లో, అప్పుడు స్టేట్ స్ట్రీట్ రెండు వైపులా మూసేస్తారు.

నేలమట్టం:
వాసన ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, ఇదిగో.

వర్జీనియా బ్రిస్టల్ తన చెత్తని 1998 నుంచి పాత సున్నపురాయి క్వారీలో నింపింది. మామూలు ల్యాండ్‌ఫిల్ గుట్టలా ఉంటుంది, ఏటవాలు అంచుల మీద మట్టి కప్పవచ్చు. క్వారీలో గోడలు నిట్టనిలువు. చెత్త కుళ్లి కుంగేకొద్దీ గోడకీ చెత్తకీ మధ్య సందు పడుతుంది, గ్యాస్ తనని లాగేందుకు తవ్విన గొట్టపు బావుల వైపు పోకుండా ఆ సందులోంచి పైకి తన్నుకొస్తుంది. వాన నీరు అదే గోడ మీదుగా లోపలికి జారుతుంది. పైగా గుంత అడుగు భూగర్భ జలమట్టం కిందే ఉంది. లోపల వేడి పెరిగిన కొద్దీ బెంజీన్ లాంటివి ఆవిరై గ్యాస్‌లోనూ, ఊటనీటిలోనూ కలుస్తాయి.

2020 చివర్లో ఫిర్యాదులు ఉప్పెనలా వచ్చాయి. రాష్ట్ర పర్యావరణ శాఖ నిపుణుల బృందం 2022 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది: చెత్త వేయడం ఆపాలి, గోడ వెంట ప్రత్యేక గ్యాస్ సేకరణ పెట్టాలి, వెడల్పు బావులు తవ్వాలి, ఉష్ణోగ్రత కొలవాలి, పైన ఈవీఓహెచ్ పొర ఉన్న షీటు కప్పాలి. మామూలు పాలిథీన్ షీటులోంచి బెంజీన్ మెల్లగా చొచ్చుకొస్తుంది, ఈవీఓహెచ్ దాన్ని బాగా ఆపుతుంది, అందుకు అది. అదే ఏడాది మే నెలలో టెనెస్సీ బ్రిస్టల్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. సెప్టెంబర్‌లో చెత్త తీసుకోవడం ఆగింది.

ఆపగానే వాసన పోదు. బావుల మీద పంపు గట్టిగా లాగితే పైనుంచి గాలి లోపలికి పోయి చెత్త లోపలే నిప్పంటుకునే ప్రమాదం, మెల్లగా లాగితే వాసన బయటికి. ఆ సమతూకం రోజూ చూసుకోవాలి. బావిలో ఊటనీరు నిండినా గ్యాస్ రాదు, నీటిని తోడుతూనే ఉండాలి. ఆ నీరు ఉమ్మడి మురుగు కేంద్రానికే పోతుంది, అంటే వర్జీనియా గుంతలోది టెనెస్సీ కేంద్రంలో తేలుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం కాకుండా గాలి లేని తెల్లవారుజామున వెళ్లండి. లోయలో చల్లగాలి నేలకి అతుక్కుని ఉండేది అప్పుడే, గ్యాస్ తేలకుండా ఇళ్ల మధ్యే నిలుస్తుంది.

రెండుగట్లు:
దీని వెనక డబ్బు కథ కూడా చెప్పాలి. ఇంటర్‌స్టేట్ 81 మీద రెండు నగరాలూ దాదాపు ఒకేసారి పెద్ద షాపింగ్ కేంద్రాలు కట్టించాయి. వర్జీనియా వైపు ది ఫాల్స్, కాబెలాస్‌తో. టెనెస్సీ వైపు ది పినకిల్, బాస్ ప్రో షాప్స్‌తో. రెండూ అమ్మేది వేట, చేపల సామానే. ఇరవై ఏడు వేలు, పదిహేడు వేల జనాభాకి అలాంటి రెండు దుకాణాలు. 2017లో బాస్ ప్రో కాబెలాస్ కంపెనీనే కొనేసింది. ఫాల్స్ కోసం వర్జీనియా బ్రిస్టల్ చేసిన అప్పు మెడకి చుట్టుకుంది, అదే ఏడాది రాష్ట్ర ఆడిటర్ ఆర్థిక ఒత్తిడిలో ఉన్న నగరాల్లో దాన్ని చేర్చాడు. చెత్త గుంత అప్పు దానికి తోడు. ఆదాయం కోసం బయటి చెత్త తెచ్చుకున్నారు కాబట్టి మూసేయడం అంత తేలిక కాలేదు.

క్యాసినో వచ్చింది అందుకే. 2020 నవంబర్‌లో ఓటర్లు ఒప్పుకున్నారు, 2022 జూలైలో పాత మాల్‌లో తాత్కాలికంగా, 2024 నవంబర్‌లో శాశ్వత హార్డ్ రాక్ తెరిచారు. ఆ పన్ను ఆదాయం ఒక్క బ్రిస్టల్‌కే కాదు, నైరుతి వర్జీనియా కౌంటీలకీ పంచుతారు. దాని మీదే బడ్జెట్ ఆనడం నాకు మంచిదనిపించదు.

పాతపటాలు:
అన్నా, ఆ అప్పుల లెక్క ఒప్పుకుంటాను, కానీ అదే వర్జీనియా వైపు బీవీయూ 2000ల మొదట్లోనే ఇంటింటికీ ఫైబర్ వేసిన తొలి మునిసిపల్ సంస్థల్లో ఒకటి. తర్వాత అక్కడి పెద్దలు అవినీతి కేసుల్లో జైలుకెళ్లారు, ఆ వ్యాపారం 2018లో ప్రైవేటుకి 50 మిలియన్లకి అమ్మేశారు. టెనెస్సీ వైపు బీటీఈఎస్ ఫైబర్ ఇంకా ఊరి చేతిలోనే ఉంది. సరిహద్దు ఒకటే, ఫలితం తేడా వచ్చింది నిర్వహణ వల్ల.

ఇంకొకటి. బ్రిస్టల్ హెరాల్డ్ కొరియర్ అనే చిన్న పత్రిక 2010లో ప్రజాసేవ విభాగంలో పులిట్జర్ గెలిచింది. బొగ్గు పొరల్లోంచి తీసిన గ్యాస్‌కి భూ యజమానులకి రావాల్సిన రాయల్టీలు రాష్ట్రం పెట్టిన ఎస్క్రో ఖాతాలో (హక్కు తేలేదాకా డబ్బు దాచే ఖాతా) ఏళ్ల తరబడి ఎలా చిక్కుకుపోయాయో డేనియల్ గిల్బర్ట్ లెక్కలు తీసి రాశాడు. ఊరికి పత్రిక ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు తెలియదు.

సువర్ణముఖి:
అందరికీ కృతజ్ఞతలు. చివరగా, చూడటానికి వెళ్లాలంటే రైలు ఉందా?

వేపచెట్టు:
లేదండీ. 1902 నాటి స్టేషన్ భవనం వర్జీనియా వైపు చక్కగా బాగుచేసి ఉంది, ఇప్పుడు సభలకీ పెళ్లిళ్లకీ ఇస్తారు. ఆమ్‌ట్రాక్ 2017 నుంచి రోనోక్ దాకా వస్తోంది, బ్రిస్టల్ దాకా పొడిగించమని అడుగుతూనే ఉన్నారు. విమానమైతే బ్లౌంట్‌విల్‌లోని ట్రై-సిటీస్, షార్లెట్ లేదా అట్లాంటా మీదుగా. టికెట్ కొనే ముందు బ్రిస్టల్ మోటార్ స్పీడ్‌వే క్యాలెండర్ చూడండి. 0.533 మైళ్ల ట్రాక్ చుట్టూ లక్షకి పైగా సీట్లు. నాస్కార్ వారాంతాల్లో యాబింగ్‌డన్ నుంచి జాన్సన్ సిటీ దాకా గది దొరకడం కష్టం, దొరికినా ధర రెండు మూడింతలు.

కారు స్టేట్ స్ట్రీట్‌లో ఆపితే టికెట్ ఏ నగరం వేసిందో చూసి ఆ నగరానికే కట్టండి. రెండో వైపు కౌంటర్‌లో తీసుకోరు.